గింజలు బర్లకు, చారు మాకు

మొన్న విమానాశ్రయం రోడ్డు మీద కొత్తగా తెరిచిన ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. పప్పులు, పిండ్లు అన్నీ అద్దాల అరల్లో, పెళ్లిచూపులకు కూర్చున్నంత బుద్ధిగా ఉన్నాయి. వాటి మధ్య ఉలవల పొడి ప్యాకెట్ ఒకటి కనిపించింది. వెనక ఒక పట్టిక. మాంసకృత్తులు ఇంత, ఇనుము ఇంత, పీచు ఇంత, ఇంకా నోరు తిరగని పేర్లేవో ఇంతింత. ధర చూసి కళ్లు తిరిగాయి. మా బాపు ఎడ్లకు గంపలతో పెట్టిన గింజ ఇది! ప్యాకెట్ చేతిలో పట్టుకుని, ముందూ వెనకా చూసుకోకుండా, పక్కన నిలబడ్డ పనిపిల్లను అడిగేశాను.

"బిడ్డా, గిది ఉడకబెట్టి చేసిన్రా? నీళ్లు ఏం చేసిన్రు?"

"ఏ నీళ్లు మేడం?" అని ఆ పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తప్పు ఆమెది కాదు. ఆ ప్రశ్న నాదీ కాదు. ఎప్పుడో తొంభైల్లో షంషాబాద్ ఆడపిల్లల హాస్టల్ వరండాలో ఒక మనిషి నా నోట్లో పెట్టిపోయిన ప్రశ్న అది. ఆమె చనిపోయారని మా పాత వార్డెనమ్మ ఒకసారి ఫోన్లో చెప్పారు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. స్కూల్లో పరీక్షలు నడుస్తున్నాయి, పేపర్లు దిద్దుతూ అలాగే ఉండిపోయాను. మొన్న మాత్రం పప్పుల అర ముందు నిలబడి ఏడ్చాను. చూసినవాళ్లు ధర చూసి ఏడుస్తోందనుకుని ఉంటారు.

ఆమె పేరు రాయను. మేం అందరం "ల్యాబు మేడం" అనేవాళ్లం. మొదట్లో మాలో ఎవరో పేరు అడిగితే, "పేరు సీసాకు ఉండాలె బేటా, లోపల ఏమున్నదో తెల్వనీకి. నా లోపల ఏమున్నదో నేను చెప్తనే ఉంట కదా!" అన్నారు. నిజమే, ఆమె లోపల ఏదీ దాగేది కాదు. కోపం వస్తే కోపం, ఆకలి వేస్తే ఆకలి, నవ్వు వస్తే రోడ్డు దాకా వినపడే నవ్వు.

పాతబస్తీ ఆమెది. నగరంలో తిండి గింజలు పరీక్షించే ఒక ల్యాబులో పని. నీళ్లు లేని నేలలో పండే ఉలవల్లో ఏమేం ఉంటాయో తేల్చే పని ఒకటి ఆమె మీద పడింది. అందుకని ప్రతి గురువారం బస్సెక్కి ఇటు వచ్చేవారు. జల్‌పల్లి, మామిడిపల్లి, మంఖాల్ తిరిగి రైతుల దగ్గర పిడికెడు పిడికెడు ఉలవలు చిన్న చిన్న గుడ్డ సంచుల్లో కట్టించుకుని, తిరుగు బస్సు కోసం షంషాబాద్‌లో ఆగేవారు. ఒకసారి ఎండకు తాళలేక మంచినీళ్ల కోసం మా హాస్టల్ గేటు తట్టారు. ఇక అంతే. మరుసటి వారం నుంచి ఆ ఇల్లు ఆమెదే. వస్తూనే బురఖా తీసి మా గోడకున్న కొయ్యకు తగిలించి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుని, సంచులు ఒక్కొక్కటీ విప్పేవారు. కళ్లద్దాలకు ఒక వైపు కాడ విరిగితే దారం కట్టుకున్నారు. ఆ దారం ప్రతిసారీ వేరే రంగులో ఉండేది.

మేం ఆమె చుట్టూ చేరేవాళ్లం. నల్ల ఉలవలు ఒక దిక్కు, ఎర్రమట్టి రంగువి ఒక దిక్కు, తెల్లగా పాలిపోయినవి ఒక దిక్కు ఏరించేవారు. ప్రతి రకం నుంచీ ఒక గింజ పంటి కింద పెట్టుకుని కొరికేవారు, మాకూ ఇచ్చి కొరకమనేవారు. నల్ల గింజ తోలు నాలుకను పట్టి గుంజినంత వగరు.

"ఈ వగరేందో తెలుసా? వానలు పడవు, నేల గట్టి, ఎండ మస్తు. గా మొక్క కష్టపడి ఒక గింజ చేస్కుంటది. పురుగులు తినొద్దు, ఎవరు దోచుకోవద్దు అని తోలుల తాళాలు ఏస్కుంటది. గట్టి మొక్క, గట్టి తాళం."

"అయితే చెడ్డదా మేడం?"

ఈ మాట అంటే ఆమెకు మండేది. "మంచిదా చెడ్డదా అని అడగొద్దని చెప్పలేదూ! గా వగరే ఒంటికి మేలు చేస్తదని కూడ అంటున్నరు పెద్ద పెద్దోళ్లు. ఎంత తిన్నరు, ఎట్ల వండిన్రు, ఎవరు తిన్నరు, గివి అడగండి. నానబెడితే ఒక తాళం తీస్తది, మంట మీద పెడితే ఇంకో తాళం తీస్తది. తాళం తియ్యకుండ బీరువా ముందట నిలబడి, లోపల మస్తు ఉన్నదని మురిస్తె కడుపు నిండుతదా?"

ఉలవలు తింటే కడుపులో గడబిడ ఎందుకవుతుందో కూడా ఆమే చెప్పారు. మనిషికి అరగని చక్కెరలు కొన్ని ఉంటాయట అందులో. అవి పేగుల్లోకి పోతే అక్కడి సూక్ష్మజీవులకు విందు, దావత్. వాటి దావత్ చప్పుడు మనకు వినపడుతుందట. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. "నవ్వుతున్నరా? నానబెట్టిన నీళ్లు పారబొయ్యండి, దావత్ సగం బంద్" అని ఆమె మాత్రం నవ్వకుండా చెప్పారు.

ఈ నీళ్ల పిచ్చి ఆమెను ఎక్కడా వదలలేదు. నానబెట్టిన నీళ్లు వేరు, ఉడికిన నీళ్లు వేరు. మొదటివి పారబోయాలి, రెండోవి ఉంచాలి. అన్నం పెడితే గంజి ఏం చేశారనేవారు, ఆకుకూర పెడితే ఉడికిన నీళ్లు ఎటు పోయాయనేవారు. ఎవరిదో పెళ్లికి పోయి, భోజనం సగంలో లేచి వంటవాళ్ల దగ్గరికి పోయి ఇదే మాట అడిగితే, పెళ్లివారి తరఫు గూఢచారి అనుకుని వాళ్లు ఆమెకు రెండింతలు మిఠాయి కట్టి ఇచ్చారట. ఆ మిఠాయి మాకే తెచ్చిపెట్టారు.

ఉలవలు తాగితే రాళ్లు కరుగుతాయి, అన్ని రోగాలు పోతాయి అని ఎవరైనా అంటే మాత్రం మూతి ముడిచేవారు. "పోతయో లేదో నాకు తెల్వది. నేను కొలవలే." అంతే. కొలవనిది ఆమె నోటి నుంచి రాదు.

ఇక మా వార్డెనమ్మ సంగతి. ఆమె కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చారు. మంచి మనిషి. మేం దగ్గితే తెల్లారేసరికి మిరియాల కషాయం, తల చిక్కు పడితే ఆమే కూర్చుని దువ్వేవారు. ఆ ఏడాది వానలు ముఖం చాటేశాయి, కందిపప్పు ముట్టుకుంటే కాలే ధర. ఇచ్చే బడ్జెట్‌తో ముప్పూటలా ఏం పెట్టాలో తెలియక ఆమె పరేషాన్ అయ్యారు. అప్పుడు ఆమెకు వాళ్ల పుట్టింటి ఉలవచారు గుర్తొచ్చింది. మెట్ట చెల్కల్లో పండిన ఉలవలు చవగ్గా దొరుకుతున్నాయి. సంచి దింపించారు, కట్టెల పొయ్యి మీద పెద్ద గుండిగ ఎక్కించారు.

వాళ్ల వైపు ఉలవలు ఉడికించేది పశువుల కోసం. ఉడికాక నీళ్లు వంచి, ఆ నీళ్లలో చింతపండు, ఉల్లి, పోపు వేసి చిక్కబడేదాకా కాచి మనుషులు తింటారు. గింజలు పశువులకు పోతాయి. ఇంట్లో పాడి ఉన్నవాళ్లకు అంతకంటే తెలివైన ఏర్పాటు ఇంకోటి ఉండదు. మా హాస్టల్లో మేం తప్ప పశువులు ఎక్కడివి? అయినా ఆమెకు ఆ వంట అలాగే వచ్చు. చారు మిగలాలి, గింజలు పశువులకు పోవాలి. హాస్టల్లో పశువులు లేకపోతే, ఊళ్లో వెతికి మరీ బర్రెలను కుదిర్చారు! పాలాయన ఒకతను రోజూ బకెట్ తెచ్చి ఉడికిన గింజలు పట్టుకుపోయేవాడు, బదులుగా పాలు పోసేవాడు. మాకు పాల బడ్జెట్ లేదు, అందుకని ఆమె చాలా మురిసిపోయారు. ఆ పాలు అందరికీ పంచితే చాయకు రంగు వచ్చేది.

చారు మాత్రం, అబ్బ, అమృతం! ఇప్పుడు తలుచుకున్నా నోరూరుతుంది. గిన్నెలు నాకేవాళ్లం. నాకి, లేచి, పొద్దున ప్రార్థనలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరం కళ్లు తిరిగి పడిపోయేవాళ్లం.

నేను పడిపోయిన రోజు గురువారం, ఆ వారం ల్యాబు మేడం ఊళ్లకు పోకముందే మా దగ్గర ఆగారు. కళ్లు తెరిచేసరికి దారం కట్టిన కళ్లద్దాలు నా మొహం మీద ఉన్నాయి. ల్యాబు మేడం నా కింది రెప్ప లాగి చూస్తున్నారు.

"సున్నం తీర్గ ఉన్నది. ఏం తింటున్నవ్ బేటా?"

నేను చెప్పేలోపే వార్డెనమ్మ అందుకున్నారు. "తిండికేం లోటు లేదండీ మేడమ్ గారూ. రోజూ ఉలవచారు పోస్తున్నాను. ఉలవలంటే బలం కదండీ. మీరే రుచి చూడండి, మాట నమ్మక్కర్లేదు."

అన్నంలో చారు పోసి పెట్టారు. మేడం ఒక ముద్ద తిన్నారు. కళ్లు మూసుకున్నారు. "వాహ్! మా ఇంట్ల కుల్తీ అంటం, మా అమ్మ గూడ గిట్ల చెయ్యలే" అన్నారు. రెండోసారి పోయించుకున్నారు, మూడోసారి గిన్నె ఎత్తి తాగారు. వార్డెనమ్మ మొహం వెలిగిపోయింది.

అప్పుడు మేడం మూతి తుడుచుకుని అడిగారు. "గింజలేవి?"

"గింజలా? అవి బర్రెలకండీ."

మేడం నా మొహం చూశారు, గుండిగలోకి తొంగి చూశారు. సంచిలోంచి రెండు సీసాలు తీసి, ఒకదాంట్లో చారు, ఇంకోదాంట్లో పాలాయన కోసం పక్కన పెట్టిన గింజలు నింపుకుని మూతలు బిగించారు. "ఏమైందండీ?" అని వార్డెనమ్మ వెంటపడితే, "నా నాలుక సాక్ష్యం చెల్లదమ్మా. కొలిచి చెప్త" అని బస్సుకు పోయారు.

నేను పడిపోయిన సంగతి మంఖాల్‌లో మా ఇంటికి చేరేసరికి వారం పట్టింది. మళ్లీ గురువారం పొద్దున బాపు వచ్చాడు. గేటు దగ్గరే పాలాయన ఎదురయ్యాడు. చేతిలో బకెట్, బకెట్ నిండా ఉడికిన ఉలవలు, పొగలు కక్కుతూ.

"ఏడివన్నా గివి?" అని బాపు అడిగాడు.

"హాస్టల్ల ఉడకబెట్టినయి. నా బర్లకు."

"మరి పిల్లలకు?"

"పిల్లలకు గా నీళ్లు."

బాపు మొహం ఎలా మారిందో గేటు లోపలి నుంచి నేను చూశాను. మా ఇంట్లో గింజలు ఉడికిన నల్లటి నీళ్లను కుడితి అంటారు. గింజలతో పాటే తొట్టిలో పోసి పశువులకు పెడతారు. బాపు చెప్పులు కూడా విడవకుండా వరండా ఎక్కాడు.

"నడువ్ బిడ్డా. సందూక తెచ్చుకో. ఇగ సదువు సాలు."

"ఏమైందండీ, కూర్చోండి" అన్నారు వార్డెనమ్మ.

"కూసోను అమ్మా. నేను సదువుకున్నోన్ని కాదు. కని గింజలు బర్లకు పంపి, పిల్లలకు కుడితి పోసేటోళ్లను నేనింతవరకు సూడలే."

"కుడితా!" అన్నారు వార్డెనమ్మ. "మా వైపు పెళ్లిళ్లలో వడ్డిస్తామండీ దాన్ని. అది వడ్డించకపోతే చుట్టాలు అలుగుతారు."

"మీ దిక్కు చుట్టాలు అలుగుతరేమో. మా దిక్కు అది పొయ్యకుంటె బర్లు గూడ అలుగయి."

వార్డెనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను లోపలికి పోయి సందూక సర్దాను. తొమ్మిదో తరగతి పుస్తకాలు అడుగున, బట్టలు పైన. మా వాడకట్టులో తొమ్మిది దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఇంటికి పోతే ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. రెండు రోజులు ముద్దు చేస్తారు, మూడో రోజు మామిడిపల్లి పూలతోటల్లో కూలికి పంపుతారు. ఇక ఆ సందూక మళ్లీ తెరుచుకోదు. ఏడవొద్దు అనుకుంటూనే ఏడుస్తూ దాన్ని వరండాలోకి ఈడ్చుకొచ్చాను.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. కొలిచిన లెక్క చెప్పడానికి, ఊళ్లకు పోకముందే మేడం వచ్చారు. బురఖా కొయ్యకు తగిలించారు. నన్ను చూశారు, సందూక చూశారు, బాపును చూశారు. ఎవరూ చెప్పకుండానే సంగతి పట్టేశారు. గచ్చు మీద చతికిలబడి, ఏదో పాత చుట్టాన్ని పలకరించినంత మామూలుగా, "అన్నా, నీకు ఎడ్లున్నయా?" అన్నారు.

బాపుకు ఆమె ఎవరో తెలియదు. కానీ ఎడ్ల గురించి అడిగితే మా బాపు జవాబు చెప్పకుండా ఉండలేడు.

"ఉన్నయి."

"ఉలవలు పెడతవా?"

"దున్నకాలప్పుడు పెడ్త. పెట్టకుంటె కాడి గుంజుతయా?"

"ఎట్ల పెడతవ్? జర చెప్పు."

బాపు గొంతులో కోపం తగ్గి, పనివాడి గొంతు వచ్చింది. "రాత్రి నానబోస్త. పొద్దుగాల గా నీళ్లు పారబోస్త. మంచి నీళ్లు పోసి మెత్తగ ఉడకబెడ్త. చేత్తోని పిసికి సూస్త. పలుకుంటె కడుపుబ్బుతది ఎడ్లకు. సల్లారినంక దాణాల కలిపి పెడ్త."

"ఉడికిన నీళ్లు?"

"అండ్లనే. గవి పారబోస్తరా ఎవరన్న?"

మేడం తొడ మీద చరుచుకుని వార్డెనమ్మ వైపు తిరిగారు. "విన్నరా అమ్మా! నేను కొలిచిన. బలమిచ్చే సరుకు దాదాపు అంత గింజల్నే ఉండిపోయింది. నీళ్లల్లకు రంగొచ్చింది, రుచొచ్చింది, కొన్ని ఉప్పులొచ్చినయ్, వగరొచ్చింది. బలం కొంచమే. మన పిల్లలు నీళ్లు తాగుతున్నరు. పాలాయన బర్లు గింజలు తింటున్నయ్. ఈ చుట్టుపక్కల రెండూ తింటున్నది ఈ అన్న ఎడ్లే!"

"అయితే నా చారు తప్పాండీ?" అన్నారు వార్డెనమ్మ. పాపం, కళ్లనిండా నీళ్లు.

"చారు తప్పు కాదు. ఒట్టి చారు తప్పు. గింజలు గూడ కంచంల ఎయ్యండి. మీద నిమ్మకాయ పిండండి. దీంట్ల ఇనుమున్నది, కని తొందరగ ఒంటికి పట్టదు. పులుపు పడితే జర పడ్తది."

బాపు లేచి నిలబడ్డాడు. తాను అన్నదే నిజమని తేలింది కదా! "సూసిన్రా మరి! అందుకే నా బిడ్డను నేను తోల్కపోత. ఎత్తు బిడ్డా సందూక."

నేను సందూక పిడి పట్టుకున్నాను. మేడం మాట కూడా నాకు ఎదురే తిరిగిందనుకున్నాను.

"తోల్కపో అన్నా" అన్నారు మేడం. "ఇంట్ల ఈమెకు పొద్దున ఏం పెడతవ్?"

"ఏం పెడ్తం, ఉన్నదేదో తింటది."

"ఎడ్లకు గూడ ఉన్నదేదో పెడతవా?"

బాపు చూపు గేటు దగ్గరి బకెట్ మీదికి పోయింది.

"ఎడ్లకు పెట్టేటప్పుడు చేత్తోని పిసికి చూస్తవ్. బిడ్డ కంచంల ఎన్నడన్న చూసినవా? నిన్ను అవమానం చెయ్యనీకి అడుగుతలేనన్నా. ఈమె ఒంట్ల నెత్తురు ఈ హాస్టల్ల పోలే. లేకుండనే వచ్చింది. ఇక్కడ దొరకాల్సింది దొరకలే, అది మా తప్పు, ఇయ్యాల్టి నుంచి సరిచేస్తం. ఇక్కడుంటె కంచంల ఏం పడ్డదో నేను ప్రతి గురువారం చూస్త. ఇంట్ల ఎవరు చూస్తరు?"

వరండాలో అందరం నిలబడి ఉన్నాం. పాలాయన కూడా గేటు దగ్గర బకెట్‌తో అలాగే నిలబడిపోయాడు. బాపు కింద చూస్తున్నాడు. నాకు అంత భయం ఆ తర్వాత ఏ పరీక్ష ఫలితాలకూ వేయలేదు. బాపు చాలాసేపటికి చెప్పులు విడిచాడు. విడిచి, నా మొహం చూడకుండా అన్నాడు.

"సందూక లోపల పెట్టు."

ఆ మాట విన్నాక ఏమైందో నాకు సరిగా గుర్తులేదు. వార్డెనమ్మ నన్ను పట్టుకున్నారో, నేనే ఆమె మీద పడ్డానో. గుర్తున్నదల్లా పాలాయన చేతిలోంచి బకెట్ వెనక్కి రావడం. అతను గొణుగుతుంటే, "ఉలవ పొట్టు నేనిస్త నీ బర్లకు. పాలు ఆపకు" అని బాపు అనడం. ఆ పూట బాపు మాతో పాటు బంతిలో కూర్చుని తిన్నాడు. గింజలు, చారు, నిమ్మకాయ. తిన్నాక వార్డెనమ్మతో, "మంచిగనే ఉన్నదమ్మా మీ పెండ్లి చారు" అన్నాడు. వార్డెనమ్మ ఏడుస్తూనే నవ్వారు.

పోతూ పోతూ గేటు దగ్గర ఆగి నన్ను పిలిచాడు. "బిడ్డా, మీ అమ్మ పొద్దుగాల ఏం తింటది?"

నాకూ తెలియదు. అమ్మ వండుతుండగా చూశాను, పెడుతుండగా చూశాను, గిన్నెలు తోముతుండగా చూశాను. తింటుండగా చూసిన గుర్తు రాలేదు. "తెల్వది బాపు" అన్నాను. బాపు తలపాగా తీసి మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత సెలవులకు ఇంటికి పోతే, అమ్మ నన్ను వెనక దొడ్లోకి లాక్కుపోయింది. సిగ్గుగా నవ్వుతోంది. "మీ బాపుకేమైందే? పొద్దుగాల ఉలవ గుడాలు ఉడకబెట్టిచ్చి, ముందుగాల నన్ను కూసోబెడుతుండు. నేను తినేదాక ఎడ్ల దగ్గరికి పోతలేడు. మొత్తం తిన్ననా లేదా అని గిన్నె వంచి సూస్తుండు. వాడకట్టోళ్లు నవ్వుతున్నరు."

నేను మేడం సంగతి చెప్పాను. కుల్తీ, తాళాలు, సీసాలు, ఎడ్లు, అన్నీ. అమ్మ ఉడికిన ఉలవలు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటూ మొత్తం విన్నది. ఆమె మేడంను ఎప్పుడూ చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"గంత దూరం కెల్లి పొద్దున్నే వస్తది గదా, మరి ఆమెకు ఎవలు పెడ్తరు? అడిగినవా?"

అడగలేదు. హాస్టల్లో ఇంతమంది పిల్లలం, ఒక్కరం అడగలేదు.

సెలవులయ్యాక వచ్చిన మొదటి గురువారం మేడం ఊళ్లకు పోతూ, పొద్దున్నే ముందుగా మా దగ్గరికి వచ్చారు. ఒక్కొక్కరి కింది రెప్పా లాగి చూశారు. నాది చూసి, "జర రంగొస్తున్నది" అన్నారు. సంచులు భుజానికి తగిలించుకుని గొడుగు తీసుకుంటుంటే నేను అడ్డంగా నిలబడ్డాను.

"మేడం, మీరు పొద్దుగాల ఏం తిన్నరు?"

"కైకు? ఎందుకడుగుతున్నవ్?"

"మా అమ్మ అడగమన్నది."

మేడం అక్కడే ఆగారు. కళ్లద్దాలు తీశారు, కొంగుతో తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"ఒక్కదాన్నే కదా బేటా ఇంట్ల" అన్నారు చివరికి. "ఒక్క మనిషికి పొయ్యేం ముట్టియ్యాలె? బస్సు పోతదని ఉరుకుత." గొడుగు గోడకు ఆనించి, "గీ మాట నన్నెవరు అడగలే" అన్నారు.

వంటింటి గుమ్మంలో నిలబడి వార్డెనమ్మ అంతా విన్నారు. పీట తెచ్చి వేశారు. కంచంలో అన్నం, గింజలు, చారు వడ్డించి, నిమ్మచెక్క పిండారు. మేడం భుజం మీది సంచులు ఒక్కొక్కటీ నేను దించాను. ఆమె వద్దనలేదు. పీట మీద కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నారు.

"తినండి మేడం" అన్నాను ఎదురుగా చతికిలబడి. "బస్సు పోతె పోనీ. నేను చూస్త."